మరపు వచ్చిన పెద్దలు - చిన్న ఇండ్లు

(షోలాపూరు తెలుగు కుటుంబముల సమావేశములో సంఘము మహిళా శాఖ తరపున చేసిన ప్రసంగపాఠము)



ఉగాదినాడు పంచాంగము విని, రానున్న యేడు ఆదాయమెంత, వ్యయమెంత అని లెక్క చూచుకోవడము మన అలవాటు. ఆ పంచాంగములో కనబడని వ్యయము ఒకటి మన ఇండ్లలో నానాటికి పెరుగుతున్నది. తాత తాను నలభై యేండ్లు నడచిన వీధిలోనే ఇంటిదారి తప్పుతున్నాడు. అవ్వ అన్నము తిన్న గంటలోనే ఇంకా పెట్టలేదని కోడలిని అడుగుతున్నది. కన్నకొడుకును చూచి, ఎవరు నాయనా నీవు, అంటున్నది. ఇటువంటి కొన్ని ఇండ్లకు మా శాఖవారము వెళ్ళి వస్తున్నాము. అక్కడ మేము చూచినదానిని, ఈ విషయములో ఇతర దేశములవారు చేసి చూచినదానిని కలిపి మీకు మనవి చేయదలచినాము.

ముందుగా ఒక మాట. దీనిని మన ఇండ్లలో చాదస్తమని, పెద్దతనమని, మతి చెడినదని అంటారు. ఇది వయసుతో వచ్చే మామూలు మరపు కాదు. మెదడులోని కణములు క్రమముగా క్షీణించుట వలన వచ్చే జబ్బు. వైద్యులు డిమెన్షియా అంటారు. అందులో ఎక్కువగా కనబడేది ఆల్జైమర్ జబ్బు. 1906లో జర్మనీ దేశపు వైద్యుడు ఆలోయిస్ ఆల్జైమర్ దానిని మొదటిసారి వర్ణించినాడు. మన దేశములో అరువది యేండ్లు దాటినవారిలో నూటికి 7.4 మందికి, అనగా సుమారు 88 లక్షల మందికి, ఈ జబ్బు ఉన్నదని 2023లో ప్రకటించిన ఒక అంచనా తెలుపుతున్నది. జపానువారు తమ భాషలో దీనికున్న పాత పేరు తెలివితక్కువతనమును సూచిస్తున్నదని, 2004లో ప్రభుత్వమే పూనుకొని ఆ పేరు మార్చినారు. మనమును జబ్బును జబ్బని చెప్పుకొంటే సగము సిగ్గు తీరుతుంది. అయితే థైరాయిడు లోపము వలన, బి12 విటమిను తగ్గుట వలన, మనోవ్యాకులము వలన కూడా ఇటువంటి లక్షణములే కనబడవచ్చును. వాటిలో నయమయ్యేవి ఉన్నవి. గనుక మొదట వైద్యునికి చూపించకుండా ఎవరికి వారు తీర్మానము చేసుకోరాదు.

ఈ జబ్బులో మొదట పోయేది నిన్న మొన్నటి జ్ఞాపకము. క్రొత్త సంగతి నిలువదు. చిన్ననాటి సంగతులు, చేతులకు అలవాటైన పనులు, పాటలు, వాసనలు చాలాకాలము మిగిలి ఉంటవి. ఇది గుర్తు పెట్టుకొంటే, ఇటువంటివారిని పెద్ద ఆసుపత్రివంటి చోట ఉంచితే ఏమవుతుందో సులభముగా ఊహించవచ్చును. పొడవైన వసారా, ఇరువైపుల ఒకే రీతి తలుపులు, అరువది మంచములు. పూటకొక క్రొత్త ముఖము వచ్చి స్నానము చేయిస్తుంది. అన్నము ఎక్కడినుండి వస్తున్నదో తెలియదు. క్రొత్తదానిని నేర్చుకొనే శక్తి పోయిన మనిషిని అన్నియు క్రొత్తగా ఉన్నచోట ఉంచినట్లయినది. ఆమె తలుపు తలుపునకు తిరుగుతుంది, కేకలు వేస్తుంది. అప్పుడు ఆమెను మంచమునకు కట్టివేయుటయో, మత్తుమందు ఇచ్చుటయో జరుగుతుంది. అనేక దేశములలో చాలాకాలము జరిగినది ఇదే.

దీనికి మారుగా మరియొక పద్ధతి కావలెనని తలచినవారిలో ఫ్రాన్సు దేశపు జార్జ్ కోసనెల్ ఒకరు. 1977లో ప్యారిస్ నగరము చెంత ఆయన ఒక చిన్న నివాసమును ప్రారంభించి, దానికి కాంతూ అని పేరు పెట్టినారు. దక్షిణ ఫ్రాన్సు భాషలో ఆ మాటకు పొయ్యి ప్రక్కన కూర్చుండే మూల అని అర్థము. ఇంచుమించు పన్నెండు నుండి పదిహేను మంది. నడుమ ఒక పెద్ద గది, అందులోనే వంటపొయ్యి, అందరికి కలిపి ఒక పొడవాటి బల్ల. పడక గదుల తలుపులన్నీ ఆ గదిలోనికే తెరచుకొంటవి. తలుపు తీసుకొని బయటికి వచ్చిన మనిషికి వంట కనబడుతుంది, మనుషులు కనబడుతారు. దారి అడుగవలసిన పని లేదు.

స్వీడన్ దేశములో మోతాలా అనే ఊరిలో బార్బ్రో బెక్-ఫ్రీస్ అనే వైద్యురాలు 1985లో బాల్ట్సార్‌గోర్డెన్ అనే గృహమును ఇట్టి ఉద్దేశముతోనే నెలకొల్పినారు. కొద్దిమంది పెద్దలు, ఎప్పుడును మారని పరిచారికలు, ఇంటిపనిలో అందరికి పాలు. జపానులో ఇటువంటి ఇంటికి తొమ్మిదిమందికి మించరాదని నియమము పెట్టినారు. అమెరికాలో బిల్ థామస్ అనే వైద్యుని ఆలోచనతో 2003లో మిసిసిపి రాష్ట్రములోని టుపెలో అనే ఊరిలో గ్రీన్ హౌస్ అనే పేర ఇండ్లు కట్టినారు. అవి కేవలము మరపు జబ్బువారికే కావు, ఆదరణ కావలసిన ముసలివారందరికి. ఇంటికి పదిమంది, ఎవరి గది వారికి, మధ్య వంటిల్లు. వండే మనిషే వడ్డిస్తుంది, స్నానము చేయిస్తుంది, ప్రక్కన కూర్చొని మాటలాడుతుంది.

హాలెండు దేశములో ఆమ్‌స్టర్‌డామ్ సమీపమున వేస్ప్ అనేచోట 2009లో హోగెవైక్ అనే పేటను పూర్తిచేసినారు. అక్కడ ఉన్నవారందరును ఈ జబ్బువారే. మొదట 23 ఇండ్లు, 152 మంది, అనగా ఇంటికి ఆరుగురో ఏడుగురో. చుట్టూ వీధులు, అంగడి, తోట. పెద్దలు తమకు తామే తిరుగవచ్చును. దారి తప్పినా పేట దాటిపోరు. ఈ కథలో మనము గమనించవలసినది మరొకటి ఉన్నది. అక్కడివారు ఇండ్లను జబ్బు తీవ్రతను బట్టి పంచలేదు, మనుషులు బ్రతికిన తీరును బట్టి పంచినారు. తొలినాళ్ళలో ఏడు తీరులు ఉండెడివి. చేతిపనులు చేసి బ్రతికినవారికి ఒక తీరు ఇండ్లు. ఇండోనేసియా వంటకు, అలవాట్లకు అలవడినవారికి మరొక తీరు. ఇల్లంటే నాలుగు గోడలు కావని, ఒక మనిషి ఎక్కడ చేయి చాచితే ఏది అందుతుందో అదే ఇల్లని వారు గ్రహించినారన్నమాట.

ఇంతకును దీనివలన గుణమేమైనా కలిగినదా అని మీరు అడుగుతారు. అడుగవలసిన ప్రశ్నే. చిన్న ఇల్లు ఈ జబ్బును ఆపలేదు. పోయిన జ్ఞాపకమును తెచ్చి ఇవ్వలేదు. హాలెండులోనే పరిశోధకులు చిన్న ఇండ్లను, పెద్ద నర్సింగు హోముల వార్డులను పోల్చి చూచినారు. పెద్దల సుఖములోగాని, వారి ఆందోళనలోగాని చెప్పుకోదగిన భేదము మొత్తము మీద కనబడలేదని వ్రాసినారు. కాని చిన్న ఇండ్లలో కట్టివేయుట, మత్తుమందులు వాడుట తక్కువ. పెద్దల కుటుంబములవారికి భారము తక్కువ, తృప్తి ఎక్కువ. అమెరికాలో గ్రీన్ హౌస్ ఇండ్లను మామూలు నర్సింగు హోములతో పోల్చి 2007లో ప్రకటించిన అధ్యయనములో, ఆ ఇండ్లవారు మంచము పట్టుట తక్కువని, తమ పని తాము చేసుకొనే శక్తి కొంత మెల్లగా తగ్గినదని తేలినది. 2020లో కరోనా వచ్చినపుడు కూడా అక్కడి చిన్న ఇండ్లలో జబ్బుపడినవారు, మరణించినవారు పెద్ద హోములలో కంటె తక్కువ.

ఈ ఫలితములన్నీ ఒకచోట పెట్టి చూస్తే మాకు తోచినది ఇది. ఇల్లు చిన్నదైనంత మాత్రమున చాలదు. ఎనిమిదిమందిని ఒక ఇంటిలో పెట్టి, టెలివిజను ముందర కూర్చుండబెట్టి తలుపు వేస్తే అది చిన్న ఆసుపత్రి మాత్రమే. మనుషులు తక్కువగా ఉన్నప్పుడు, పరిచర్య చేసేవారికి ఒక్కొక్కరి సంగతి తెలిసే వీలుంటుంది. ఈ అవ్వకు చల్లనీళ్ళు గిట్టవని, ఆ తాత ప్రొద్దున్నే చాయ లేకపోతే కోపపడుతాడని, ఫలానా ఆమె సాయంత్రము కాగానే బిడ్డ బడినుండి వచ్చే వేళయినదని గుమ్మములో నిలబడుతుందని తెలుస్తుంది. తెలిసినవారు ఆమెను వెనుకకు లాగరు. తామును ఆమెతోపాటు గుమ్మములో కాసేపు నిలబడుతారు. చిన్న ఇంటి గుణమంతా ఈ తెలియడములో ఉన్నది.

తెలియడమంటే భాష తెలియడము కూడా. మనవంటి వలసవారికి ఈ సంగతి అన్నిటికంటె ముఖ్యము. ఫిన్లాండునుండి స్వీడనుకు పనికొరకు వెళ్ళి స్థిరపడినవారు చాలామంది ఉన్నారు. వారు ముసలివారై ఈ జబ్బు వచ్చినపుడు, తరువాత నేర్చిన స్వీడిష్ భాష జారిపోయి, చిన్ననాటి ఫిన్నిష్ మాత్రమే మిగులుట కనబడినది. సిర్కా-లీసా ఎక్‌మన్ అనే పరిశోధకురాలు 1990 దశకములో దీనిని పరిశీలించినారు. స్వీడిష్ మాత్రమే తెలిసిన పరిచారికల దగ్గర ఏమీ చేతకానివారివలె ఉండినవారే, తమ భాష మాటలాడే పరిచారిక వచ్చినపుడు మాటకు మాట చెప్పినారు, తమ పని తాము కొంత చేసుకొన్నారు. జబ్బు మారలేదు, ఎదుటి మనిషి మారినది.

మన విషయములో ఒక శుభవార్త కూడా ఉన్నది. హైదరాబాదులోని నిమ్స్ ఆసుపత్రిలో డాక్టరు సువర్ణ అల్లాడి గారు, వారి సహచరులు 648 మంది డిమెన్షియా రోగులను పరిశీలించి 2013లో ప్రకటించినారు. ఒకే భాష తెలిసినవారికంటె రెండు భాషలు మాటలాడేవారిలో ఈ జబ్బు సగటున నాలుగున్నర యేండ్లు ఆలస్యముగా మొదలైనదని తేలినది. చదువురానివారిలో కూడా ఈ భేదము కనబడినది. ఇంటిలో తెలుగు, బజారులో మరాఠీ, ఇరుగుపొరుగుతో కన్నడము, హిందీ మాటలాడే మన షోలాపూరువారికి ఇది సంతోషకరమైన మాట. కాని ఆలస్యముగా వచ్చినా వచ్చిన జబ్బు వచ్చినదే. ఆనాడు చాలామందికి తరువాత నేర్చిన భాష ముందుగా మరుగునపడవచ్చును. మరాఠీలో లెక్కలు చూచిన తాత తెలుగులో దాహమడుగుతాడు. జీతమునకు వచ్చిన పరిచారికకు తెలుగు రాదు. మన మనుమలలో కొందరికి కూడా రాదు. అప్పుడు ఆయన దాహము ఎవరికి వినబడుతుంది?

మన పెద్దలు ఎవరు? తెలంగాణ పల్లెలనుండి మగ్గము పట్టుకొని ఈ ఊరికి వచ్చినవారి బిడ్డలు, మనుమలు. మగవారు మగ్గముల మీద, మిల్లులలో పనిచేసినారు. ఆడవారు కండెలు చుట్టినారు, చాటలో తునికాకు పెట్టుకొని బీడీలు చుట్టి బిడ్డలను చదివించినారు. మేము చూచిన ఒక ఇంటిలో అవ్వకు కూతురి పేరు కూడా గుర్తులేదు. పగలంతా చీర కొంగు చింపుతూ ఉండెడిది. కోడలు ఆమె ఒడిలో ఒక చాట పెట్టి, కత్తిరించిన కాగితపు ముక్కలు ఇచ్చినది. అవ్వ వాటిని ఒకదాని తరువాత ఒకటి బీడీవలె చుట్టి, కొస మడిచి, వరుసగా పేర్చినది. ఆ మధ్యాహ్నము కొంగు చింపలేదు. కోడలు ఏ పుస్తకమును చదివి ఈ పని చేయలేదు. అత్తను ఎరిగినది గనుక చేసినది.

అయితే ఆ కోడలి సంగతి కూడా చెప్పవలెను. ఆమె రాత్రి రెండు గంటలు వరుసగా నిద్రపోయి ఎంతకాలమైనదో ఆమెకే తెలియదు. పూర్వము ఇంటినిండా మనుషులు ఉండెడివారు. ఒకరు పొలిమేర దాటితే మరొకరు చూచెడివారు. ఇప్పుడు కొడుకులు పూనాలో, హైదరాబాదులో, ఇంకను దూరదేశములలో ఉన్నారు. రెండు గదుల ఇంటిలో ఒక కోడలో, పెండ్లికాని కూతురో మిగిలినది. మిగతావారము పండుగకు వచ్చి, అమ్మను బాగా చూచుకోండి అని చెప్పి పోతాము. అత్తను ఎక్కడైనా చేర్చెదమా అని ఆమె నోట మాట వస్తే, తల్లిని గెంటివేసినారని లోకము అంటుంది. కన్నవారిని వదలివేయుట తప్పే. కాని సాయము అడుగుట వదలివేయుట కాదు. ఒక్క మనిషి అలసటమీద నిలబడిన మర్యాదను కుటుంబ గౌరవమని పిలుచుట న్యాయము కాదని మేము సవినయముగా మనవి చేస్తున్నాము.

మరి మనము చేయగలిగినదేమి? ముందు ఎవరి ఇంటిలో వారు చేయదగినవి కొన్ని ఉన్నవి. ఇంటిలోని సామానులు మాటిమాటికి చోటు మార్చవద్దు. రాత్రివేళ మరుగుదొడ్డి తలుపు తీసి, దీపము వెలిగించి ఉంచండి. తలుపు కనబడితే చాలామందికి దారి దొరుకుతుంది. తప్పు చెప్పినపుడు వాదించవద్దు. చనిపోయిన భర్త ఇంకా రాలేదేమని అవ్వ అడిగితే, ఆయన పోయి పదేండ్లయినదని ప్రతిసారి చెప్పుట ఆమెకు ప్రతిసారి క్రొత్త చావు. ఆయన సంగతులు చెప్పమని అడగండి. చిక్కుడుకాయ ఒలిపించండి, బియ్యములో రాళ్ళు ఏరించండి, బతుకమ్మ పాట ఎత్తి ఆమెచేత అందుకోనివ్వండి. ఆ పని సరిగా చేసినదా లేదా అని చూడవద్దు. ఒక కాగితము మీద ఆ మనిషిని ఏ పేరుతో పిలిస్తే పలుకుతారో, ఏ తిండి ఇష్టమో, ఏ పని చేసి బ్రతికినారో, దేనికి భయపడుతారో వ్రాసి ఉంచండి. రేపు ఆసుపత్రిలో చేర్చవలసి వచ్చినా ఆ కాగితము తోడుగా వెళుతుంది.

రెండవది, సంఘము చేయదగినది. ఎనిమిదిమందికి రాత్రింబవళ్ళు నడిచే చిన్న ఇల్లు పెట్టవలెనని మాకును ఆశ ఉన్నది. కాని లెక్క వేసి చూచినాము. ఉదయము ఇద్దరు, సాయంత్రము ఇద్దరు, రాత్రి ఒకరు చొప్పున వారమునకు 35 పూటలు. ఒక్కొక్కరు వారమునకు ఆరు పూటలు చేసినా ఆరుగురు మనుషులు కావలెను. ఒకరికి జ్వరము వస్తే ఏడవ మనిషి. అద్దె, వంట, మందులు వేరు. చందాలతో ఒక యేడు నడిపి, రెండవయేట మూసివేస్తే, అలవాటుపడిన పెద్దలను మరల క్రొత్తచోటికి తరిమినట్లవుతుంది. అది మేలు కాదు, హాని. కాబట్టి శక్తికి మించినది ఇప్పుడే తలపెట్టవద్దు.

పగటి ఇల్లు మాత్రము మన శక్తిలో ఉన్నది. స్వీడన్ రాణి సిల్వియా గారు, తల్లికి ఈ జబ్బు వచ్చి చూచినవారు గనుక, 1996లో స్టాక్‌హోమ్ దగ్గర సిల్వియాహెమ్మెట్ అనే సంస్థను నెలకొల్పినారు. అదియు పగటిపూట పెద్దలు వచ్చి పోయే ఇల్లే, పరిచారికలకు శిక్షణ ఇచ్చే బడి కూడా. మనకు రాణులు లేరు. సంఘ భవనములో క్రింది గది, దాని ప్రక్కన వంటిల్లు ఉన్నవి. పెండ్లిండ్లకు, పండుగలకు తప్ప మిగతా దినములు తాళము వేసి ఉంటవి. వారమునకు రెండు దినములు, ఉదయము పది మొదలు సాయంత్రము నాలుగు వరకు ఆ గదిని ఇవ్వండి. ఎనిమిదిమంది పెద్దలకు మించకుండా, శిక్షణ పొందిన ఇద్దరు ఆడవారు, మా శాఖనుండి రోజుకు ఇద్దరు. అందరును తెలుగు మాటలాడేవారే. వంట అక్కడే చేస్తాము, జొన్నరొట్టె, పచ్చిపులుసు, పండుగ దగ్గరపడితే సకినాలు. పిండి కలిపేది, చుట్టేది ఆ పెద్దలే. ఒక మూల చిన్న రాట్నము, కండెలు. మగ్గమెరిగిన తాతలకు కూడా చేతికి పని దొరుకుతుంది. ఆ రెండు దినములు ఇంటిలోని కోడలు నిద్రపోతుందో, బజారుకు వెళుతుందో, అది ఆమె ఇష్టము. ఎవరును అడుగరాదు.

దీనికి తోడుగా నెలకు రెండుసార్లు ఇండ్లకు వెళ్ళి, చూచుకొనేవారి కష్టము విని, తెలిసిన ఉపాయము చెప్పి వచ్చే పని కూడా పెట్టుకొంటాము. పొరుగున ఉన్న గోవాలో 81 కుటుంబములతో ఇటువంటి పనినే పరీక్షించి 2008లో ఫలితములు ప్రకటించినారు. శిక్షణ పొందిన స్థానికులే పక్షమునకు ఒకసారియైనా ఇండ్లకు వెళ్ళినారు. చూచుకొనేవారి మనోవ్యథ తగ్గినది. పెద్ద వైద్యులు అవసరమైనపుడు వెనుక ఉన్నారు, కాని గడప తొక్కినవారు ఇరుగుపొరుగువారే.

ఇందులో భయములును ఉన్నవి. గేటు దాటి వెళ్ళిపోయేవారు ఉంటారు, గనుక ఒక మనిషి ఎప్పుడును వాకిట ఉండవలెను. జబ్బు ముదిరి మంచములో ఉన్నవారికి ఈ పగటి ఇల్లు సరిపోదు. వారికి ఆసుపత్రి, ఇంటివద్ద నర్సు తప్పవు. మేము చేయలేనిదానిని చేస్తామని చెప్పము.

ఈ మాట విన్న తరువాత మీ ఇంటిలో అటువంటి పెద్దలు ఉంటే, దాచక మా శాఖవారికి చెప్పండి. పేర్లు బయట పెట్టము. ఇంటిలో అటువంటివారు లేనివారు వారమునకు ఒక పూట ఇవ్వండి. తెలుగు స్పష్టముగా మాటలాడే పిల్లలను కూడా తీసుకొని రండి. అవ్వలతో కూర్చుంటే వారి తెలుగును బాగుపడుతుంది. కార్యవర్గమువారు ఆ గది తాళపుచెవి ఇస్తే, శ్రీరామనవమి వెళ్ళిన మొదటి సోమవారమునాడే పొయ్యి వెలిగిస్తాము.